నిత్యసంస్కారము: చిన్న పరిశ్రమల కర్తవ్యము

రాజ్యాధికారము మన చేతికి వచ్చుట యొక యెత్తు. మన చేతిలోని పని మన యదుపునకు వచ్చుట మఱియొక యెత్తు. మొదటిది 1947వ సంవత్సరమున సిద్ధించినది. అది యెందరో మహానుభావుల త్యాగఫలము. రెండవదానిని ఏ శాసనసభయు చట్టముచేసి ప్రసాదింపజాలదు. ఏ మంత్రియు శంకుస్థాపనచేసి నిలువబెట్టజాలడు. అది మిల్లులో, కార్ఖానాలో, అంగడిలో, దినదినమును, పనిచేయువారును చేయించువారును కలిసి సంపాదించుకొనవలసిన స్వాతంత్ర్యము. పరదేశపు సరకు చౌకగాను నాణ్యముగాను మన సంతలకు వచ్చి పడుచుండగా మన సరకును దేశభక్తి పేరిట మాత్రమే కొనుమని యెంతకాలము కోరగలము? స్వదేశియను మాటకు నాణ్యము తోడుకానిచో అది కొనువానికి శిక్షయు, అమ్మువానికి సాకును అగును.

మన తెలుగునాట పరిశ్రమ యనగా నెక్కువభాగము చిన్న పరిశ్రమయే. గోదావరీ కృష్ణా మండలముల బియ్యపు మిల్లులు, బెజవాడ ఆటోనగరులోని షెడ్లు, సిరిసిల్ల మరమగ్గములు, పట్టణపట్టణమున నున్న అచ్చుకూటములు, కోతమిల్లులు, పోతపనివారి కొలుములు, గుంటూరి సీమలోని మిరప గిడ్డంగులు - ఇవియే మన పరిశ్రమలు. 2025 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన కొలతల ప్రకారము యంత్రాదులపై పెట్టుబడి 2.5 కోట్ల రూపాయలును, వార్షిక వ్యాపారము 10 కోట్లును మించనిది సూక్ష్మపరిశ్రమ. పెట్టుబడి 25 కోట్లును వ్యాపారము 100 కోట్లును మించనిది చిన్న పరిశ్రమ. 125 కోట్లును 500 కోట్లును మించనిది మధ్యతరగతి పరిశ్రమ. మిల్లో, కార్ఖానాయో కల మన పాఠకులు ఇంచుమించుగ నందఱు నీ మూటిలో నేదో యొకదానిలో చేరినవారే. వారికి మేము విన్నవింపదలచినది క్రొత్త యంత్రమును గూర్చి కాదు. బ్యాంకు ఋణమును గూర్చియు కాదు. ఉన్న యంత్రముతో, ఉన్న మనుష్యులతో, నిన్నటికంటె నేడు కొంచెము మేలుగా పనిచేయు పద్ధతిని గూర్చి.

ఈ పద్ధతికి జపాను దేశీయులు కైజెన్ అని పేరిడిరి. 'కై' యనగా మార్పు. 'జెన్' అనగా మంచి. మేలువైపు మార్పు అని యర్థము. మసాఆకి ఇమాయ్ అను నతడు 1986లో ఆ పేరుతో నొక గ్రంథము ప్రకటించిన పిదప నీ మాట లోకమంతట వ్యాపించినది. మన భాషలో దీనిని నిత్యసంస్కారమని పిలుచుట తగునని మా యభిప్రాయము. ఏడాదికొకసారి చేయు సున్నము కాదిది. ప్రతిదినము వాకిలి యూడ్చుటవంటిది.

ఒక వడ్రంగి కుమారుని కథ

దీని మూలమును వెదుకుచు పోయినచో మన మొక మగ్గము చెంతకు చేరుదుము. జపానున నొక వడ్రంగి యింట పుట్టిన సకిచి టొయోడా యను నతడు 1890లో నొక కొయ్య చేమగ్గమును సవరించి మేలుచేసెను. అక్కడ నిలువలేదు. ఆ మగ్గమునే మఱల మఱల దిద్దుచు, లోపము కనబడినచోట్ల మార్చుచు, పరీక్షించుచు పోయెను. 1924 నాటికి పనినాపకయే నాడెను మార్చుకొనునదియు, పడుగుపోగు తెగిన తక్షణమే తానై యాగునదియు నగు స్వయంచాలకమగ్గము సిద్ధమయ్యెను. మగ్గము తానై యాగుట యందలి సూక్ష్మమును పాఠకులు గ్రహింపవలెను. పోగు తెగినను మగ్గ మాడుచునే యున్నచో నేయబడునది గుడ్డకాదు, తప్పు. తప్పును పుట్టినచోటనే నిలిపివేసినచో దానిని తరువాత వెదకి దిద్దు శ్రమ యుండదు. ఒక్క మనిషి యనేక మగ్గములను చూచుకొనగలడు. 1929లో ఇంగ్లండునందలి ఓల్డ్‌హాము పట్టణపు ప్లాట్ బ్రదర్స్ కంపెనీవారు ఈ మగ్గపు హక్కులను ధనమిచ్చి కొనిరి. మన దేశపు బట్టల మిల్లులకు యంత్రములను పంపుచుండిన లాంకషైరు కంపెనీ యది! ముప్పది నాలుగేండ్ల యోపిక యా లాంకషైరును కొనుగోలుదారుగా తన వాకిట నిలువబెట్టినది. ఆ కుటుంబమువారే 1937లో టొయోటా మోటారు కంపెనీని స్థాపించిరి.

రెండవ పాయ అమెరికానుండి వచ్చినది. వాల్టర్ షూహార్ట్ అను శాస్త్రజ్ఞుడు 1924లో, తయారగు వస్తువులలోని తేడాలను గీతలపై గుర్తించి, ఏ తేడా సహజమో యే తేడా లోపమువలన పుట్టినదో తెలిసికొను పటమును కల్పించెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున, అనుభవజ్ఞులైన పనివారు సైన్యమునకు పోగా, క్రొత్తవారికి త్వరగా పని నేర్పుటకును, పనితీరును మేలుచేయుటకును, మనుష్యులతో మెలగుటకును మేస్త్రీలకు చిన్న చిన్న పాఠములను ఆ దేశపు ప్రభుత్వము ఏర్పఱచెను. యుద్ధానంతర మా పాఠములు జపానునకు పోయినవి. 1950లో ఎడ్వర్డ్స్ డెమింగ్ అను పండితుడు జపాను శాస్త్రజ్ఞుల యింజనీర్ల సంఘమువారి యాహ్వానముపై నచ్చటికి పోయి యుపన్యసించెను. 1951లో నాతని పేరిట బహుమాన మేర్పడినది. ఆ సంవత్సరమే టొయోటావారు పనివారి సూచనలను వ్రాతమూలకముగా స్వీకరించు పద్ధతిని నెలకొల్పిరి. 1962 నుండి పనివారే చిన్న బృందములుగా కూడి తమ పనిలోని లోపములను విచారించుకొను ఆచారము జపానున వ్యాపించెను.

మనకిది పరాయి విద్య యనుకొనరాదు. 1929లో అఖిలభారత చరఖాసంఘము మేలైన రాట్నమును కల్పించినవారికి లక్షరూపాయల బహుమానమును ప్రకటించినది. గ్రామీణుని యింట నిలువదగిన, చేతితోనో కాలితోనో తిరుగ గల, చెడినచో పల్లెలోనే బాగుచేసికొనదగిన రాట్నమును గాంధీమహాత్ముడు కోరెను. పాతదానిని పూజించుట యాయన మతము కాదు. పాతదానిని మేలుచేయుట యాయన మతము. రాజమహేంద్రవరమున రత్నము కలముల కార్ఖానా ఆ స్వదేశి పిలుపునుండి పుట్టినదే. ఆ కలము నందుకొని మహాత్ముడు 1935లో స్వహస్తముతో జాబు వ్రాసిన సంగతి మన పాఠకులెఱుగుదురు. అంతేకాదు. ప్రశాంతచంద్ర మహలనోబిస్ పండితుడు 1931లో కలకత్తానందు గణాంకశాస్త్ర సంస్థను స్థాపించెను. మన తెలుగుబిడ్డ కల్యంపూడి రాధాకృష్ణరావుగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తున చదివి యా సంస్థయందే జగద్విఖ్యాతులైరి. ఆ మహలనోబిస్ పండితుని యాహ్వానముపై షూహార్ట్ 1947-48లో మన దేశమునకు వచ్చెను. డెమింగ్ జపానున ఉపన్యసించుటకు రెండేండ్లకు ముందే! విద్య మన గడపకు ముందే వచ్చినది. జపానువారు దానిని పనివాని చేతికిచ్చిరి. మనయందది చాలకాలము విద్యాలయములలోను పెద్ద కార్ఖానాలలోను నిలిచినది. చిన్న కొట్టముల లోనికి పోవుటకు దారి చేయలేదు. 1998లో మదరాసు సుందరం-క్లేటన్ కంపెనీ యొక విభాగము భారతీయ సంస్థలలో మొదటిదిగా డెమింగ్ బహుమానమును పొందినది. పెద్దవారికి సాధ్యమని యది రుజువుచేసినది. చిన్నవారి మాటయేమి?

తారాపురపు పరీక్ష

చిన్నవారికిది సాధ్యమా, లాభదాయకమా యను ప్రశ్నకు సమాధానము మన దేశముననే దొరకినది. నికొలస్ బ్లూమ్ మొదలగు ఆర్థికశాస్త్రజ్ఞులు కొందఱు 2008 మొదలుకొని బొంబాయి చెంగటనున్న తారాపురము, ఉంబర్‌గాము ప్రాంతముల బట్టల మిల్లులలో నొక పరీక్ష నడపిరి. ఆ మిల్లులన్నియు కుటుంబములవారివి. పరీక్షకు తీసికొన్న 20 మిల్లులలో 14 మిల్లులకు అయిదు నెలలపాటు నిపుణులు పోయి మొదట లోపములను చూపి, తరువాత దగ్గరనుండి పద్ధతులను నేర్పిరి. తక్కిన 6 మిల్లులకు లోపములను చూపుటవఱకే చేసిరి. నేర్పినవి మొత్తము 38 పద్ధతులు. వానిలో నద్భుతమైన దొక్కటియు లేదు. నేల శుభ్రముగా నుంచుట, పనిముట్టును దాని తావున పెట్టుట, యంత్రమును చెడకముందే చూచుకొనుట, తప్పులను దినదినమును వ్రాసి కారణమును విచారించుట, నూలునిలువను లెక్కపెట్టి పట్టిక వ్రాయుట, ఎవరి పని యేదో నిశ్చయించుట - ఇట్టివే.

అంతకుముందు ఆ మిల్లులలోని స్థితి యెట్లున్నది? నూలుగోతములు దారికడ్డముగా కుప్పలుపడి యుండెను. ఏ రంగు నూలు ఎచ్చట నున్నదో యెవ్వరికిని తెలియదు. పనివారిలో సుమారైదింట నొకవంతుమంది నేసిన గుడ్డలోని తప్పులను వెదకి దిద్దుటకే నియోగింపబడి యుండిరి. ఒకరు తప్పునేయుట, మఱొకరు దానిని దిద్దుట. ఇద్దఱికిని కూలి యిచ్చుట! పద్ధతులు మారిన మొదటి సంవత్సరముననే ఆ మిల్లుల యుత్పాదకశక్తి నూటికి 17 వంతులు పెరిగినది. తప్పులు తగ్గినవి, నిలువలు తగ్గినవి, మూడేండ్లలో ఆ యజమానులు క్రొత్త మిల్లులను తెఱచుటకు పూనుకొనిరి. ఇదివఱ కేల చేయలేదని యడుగగా, కొన్ని పద్ధతులను తామెన్నడు వినలేదనియు, కొన్నింటిని వినినను తమకవి యక్కఱలేదని తలంచితిమనియు వారు చెప్పిన సమాధానము. ఆ సమాధానమును మన యూళ్లలో నెన్నిమార్లు వినియుండలేదు! లాభము వచ్చుచున్నంతకాలము లోపము కనబడదు. లోపము కనబడునప్పటికి లాభముండదు.

బియ్యపు మిల్లులో నిత్యసంస్కారము

తారాపురము దూరమనుకొనువారికొఱకు మన యూరి బియ్యపు మిల్లునే చూతము. ధాన్యము మిల్లునకు వచ్చును, శుభ్రపడును, రబ్బరు రోలర్ల నడుమ నలిగి పొట్టు పోవును, తవుడు తీయబడును, నూక వేఱగును, నిండుగింజ సంచులకెక్కును. ప్రభుత్వపు లెక్కలో క్వింటాలు ధాన్యమునకు 67 కిలోల పచ్చిబియ్యమో, 68 కిలోల ఉప్పుడుబియ్యమో యిచ్చుకొనవలెను. అంతకు తక్కువైన నష్టము మిల్లువానిదే. గింజ విఱిగి నూకయైనచో ధర పడిపోవును. కావున మిల్లువాని భాగ్యమంతయు నిండుగింజలో నున్నది. దినమునకు 200 క్వింటాళ్ల ధాన్యము ఆడు మిల్లున క్వింటాలుకు ఒక్క కిలో మాత్రము నిండుగింజ హెచ్చినదనుకొందము. దినమునకు 200 కిలోలు. 250 దినములకు 500 క్వింటాళ్లు. ఒక్క కిలోలో నింత యున్నది!

అట్లయినచో నూక యేల పెరుగుచున్నది? ఈ ప్రశ్నకు సామాన్యముగా వచ్చు సమాధానము 'రోలరు పాతబడినది' అనియో 'ఆపరేటరునకు శ్రద్ధలేదు' అనియో. రోలరు మార్పించుదురు, ఆపరేటరును గద్దించుదురు, నూక మఱల వచ్చును. టొయోటా కంపెనీయందు తాయిచి ఓనో యను ఇంజనీరు బోధించిన పద్ధతి వేఱు. అతడు 'ఏల?' యను ప్రశ్నను అయిదుమార్లడుగుమనెను. అడిగి చూతము. నూక యేల పెరిగినది? ధాన్యము గింజలోపల పగిలియున్నది. ఏల పగిలినది? మిట్టమధ్యాహ్నపు టెండలో కళ్లముపై నతిగా నెండినది. ఏల నంతసేపు ఎండనిచ్చిరి? కుప్పచేయుటకు హమాలీలు లేరు. వా రెచ్చట నున్నారు? లారీలకడ సంచులు దింపుచున్నారు. లారీలన్నియు ఆ వేళకే యేల వచ్చినవి? రైతులకుగాని లారీవారికిగాని వేళ నిర్ణయించి చెప్పినవారు లేరు. కావలసినది క్రొత్త రోలరు కాదు. ఏ లారీ యే గంటకు రావలెనో తెలుపు చీటీ! దాని వెల యొక కాగితము.

ఎల్లప్పుడు కారణ మిదియే యని మేము చెప్పుటలేదు. ఒక మిల్లున రోలరే కారణము కావచ్చును. వేఱొకచోట తేమ నూటికి 14 వంతుల దరిదాపున నుండవలసినది అంతకు మించియో తగ్గియో యుండవచ్చును. కారణ మేదియైనను దానిని చూపునది లెక్క. వచ్చిన ప్రతి లోడు ధాన్యపు తేమయెంత, ఆ దినమున నూక యెంత, రోలరు మార్చిన దెప్పుడు - ఈ మూడు గళ్లు గల నోటుపుస్తకము నొకదానిని మూడు నెలలు వ్రాసినచో యజమాని తన మిల్లును గూర్చి తనతండ్రి ముప్పదియేండ్లలో నెఱుగనిది యెఱుగును. మన వర్తకులు చిట్టా ఆవర్జాలు వ్రాయుటలో నారితేరినవారే. రూపాయిని వ్రాసినంత శ్రద్ధగా తప్పును వ్రాయుమనుటయే మా ప్రార్థన.

ఇట్లే ఆటోనగరులోని యొక షెడ్డును తీసికొందము. పదిమంది పనివారు. ఒక్కొక్కడు రెంచి కొఱకో, స్క్రూడ్రైవరు కొఱకో దినమున కిరువది నిమిషములు వెదకును. దినమునకు 200 నిమిషములు. 300 దినములకు వేయి గంటలు. ఎనిమిదిగంటల లెక్కన 125 పనిదినములు! గోడకొక పలక కొట్టి, ప్రతి పనిముట్టు ఆకారమును దానిపై గీసి, పని ముగియగానే యా గీతమీద దానిని తగిలించు నలవాటు చేసినచో నీ 125 దినములు మిగులును. తగిలింపని పనిముట్టు తావు బోసిగా కనబడును, అడుగువా డక్కఱలేదు.

మొదలుపెట్టు విధము

ఇక మొదలుపెట్టు టెట్లు? మా సలహా క్లుప్తము. కార్ఖానా యంతటను ఒక్కసారిగా మార్పవలదు. ఒక యంత్రమునో, ఒక మూలనో యెన్నుకొనుడు. మొదట అక్కఱలేని వస్తువులను వేఱుచేసి తొలగింపుడు, ఉన్నవానికి తావులు నిర్ణయింపుడు, తుడువుడు, తుడుచునప్పుడు నూనె కారుచోటు, బోల్టు వదులైన చోటు తామై కనబడును. కాని ఇల్లలుకగానే పండుగ కాదు. శుభ్రత మొదటిమెట్టు మాత్రమే. తరువాత నొక లోపమును ఎన్నుకొని, దానిని రెండు వారములు లెక్కించి, కారణ మిదియని యూహించి, చిన్నమార్పు చేసి, మఱల లెక్కింపుడు. లెక్క మేలైనచో ఆ మార్పును నియమముగా వ్రాసి గోడపై నంటింపుడు. కానిచో పాతస్థితికి పోయి వేఱొక యూహను పరీక్షింపుడు. నియమము వ్రాయుట మఱువరాదు. వ్రాయని మేలు, దానిని కనిపెట్టిన మనిషితోపాటు మఱుసటి సంక్రాంతికి ఊరికి పోయి తిరిగిరాదు.

ఈ పనికి ఉదయమున పదినిమిషములు చాలును. యజమానియో మేనేజరో యంత్రము ప్రక్కనే నిలిచి, నిన్న యేమి చెడినది, ఏల చెడినది, నేడేమి చేయుదుము అని పనివారితో ముచ్చటింపవలెను. గాజుగదిలో కూర్చుండి పిలిపించి యడుగుట వేఱు. చెమటపట్టు చోటికి పోయి యడుగుట వేఱు. మొదటిదానికి వచ్చునది సంజాయిషీ. రెండవదానికి వచ్చునది సత్యము.

పనివాని భయము

ఇంతవఱకు చదివిన పాఠకుడు 'ఇది యజమానికి లాభమే, పనివానికేమి?' యని యడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. పదిమంది చేయు పనిని ఎనిమిదిమంది చేయు ఉపాయమును పనివాడే చెప్పినపుడు, మఱునాడు ఇద్దఱిని ఇంటికి పంపినచో, మూడవ యుపాయమును చెప్పు మూర్ఖుడు ఆ కార్ఖానాలో నుండడు. తన ప్రక్కవాని కంచములోని కూడు తన తెలివివలన పోయినదని తెలిసిన పనివాడు నోరు మూసికొనును. అది ధర్మమును, వివేకమును కూడ. టొయోటా కంపెనీయే 1950లో అప్పులలో మునిగి, సమ్మెకు గుఱియై, రెండువేలకు పైగా పనివారిని పోగొట్టుకొన్నది. అధ్యక్షుడైన కిచిరో టొయోడా ఆ బాధ్యత వహించి పదవిని వదలుకొనెను. ఆ చేదు గడచిన పిదపనే, మిగిలిన పనివారి కొలువునకు హామీ యను పునాదిమీద నచ్చట సూచనల పద్ధతి నిలిచినది. మన యజమానులు ఈ వరుసను తలక్రిందులు చేయరాదు. 'మీరు చెప్పు మేలువలన ఎవ్వరి పనియు పోదు' అని మొదటిదినముననే బహిరంగముగా చెప్పి, చెప్పినమాట నిలుపుకొనవలెను. మిగిలిన చేతులకు క్రొత్త పని చూపుట యజమాని వంతు. మిగిలిన లాభములో కూలిహెచ్చు రూపమున భాగమిచ్చుట న్యాయము. సూచన చెప్పినవాని పేరును నియమముక్రింద వ్రాయుట మర్యాద.

పని వేగమును పెంచుట యని దీని కర్థము చెప్పువారు కలరు. అదియు పొరపాటు. వెదకుట, మోయుట, వేచియుండుట, తప్పును దిద్దుట - ఈ నాలుగును పనివాని యొడలిని అలయించునవే కాని సరకును పెంచునవి కావు. వీనిని తగ్గించినచో సరకు పెరుగును. నడుము నొప్పి తగ్గును. నడుము నొప్పి పెరిగి సరకు పెరిగినచో అది సంస్కారము కాదు, దోపిడి. ఈ రెంటికి భేదము తెలిసికొనుటకు పెద్ద విచారణసంఘ మక్కఱలేదు. సాయంకాలము పనివాని ముఖము చూచిన చాలును.

యజమాని భయము

యజమానికిని ఒక భయము కలదు. అది నమ్మకమును గూర్చినది. తారాపురపు మిల్లులలో యజమానులు ప్రతి చిన్న నిర్ణయమును తమ చేతనే యుంచుకొనిరి. దొంగతనము జరుగునను శంకచేత పరులకు పెత్తన మీయలేదు. ఒక కుటుంబమున ఎంతమంది వయసువచ్చిన మగవారున్న అన్ని మిల్లులు; అంతకు మించి పెరుగుట కానరాదు. మన యూళ్లలోని స్థితి వేఱుగా నున్నదని చెప్పగలమా? తాళపుచెవుల గుత్తి తండ్రి నడుమునుండి కొడుకు నడుమునకు పోవును కాని గుమాస్తా చేతికి పోదు. కంచెయే చేను మేయునను భయము నిరాధారము కాదు. కాని దానికి మందు అనుమానము కాదు, లెక్క. ఎంత నూలు వచ్చినది, ఎంత పోయినది, ఎంత మిగిలినది యని దినదినము గోడమీద వ్రాసియున్నచోట దొంగకు చీకటి లేదు. అప్పుడు యజమాని నమ్ముటకు సాహసించును, నమ్మబడినవాడు నిలుచును. లెక్క పనివానిని శిక్షించుటకు కాక పనిని చూచుటకు వాడబడవలె నన్నది మాత్రము మఱువరాదు. తప్పు వ్రాసినవానికే జుల్మానా వేసినచో ఆ మఱునాటినుండి పుస్తకములో తప్పులుండవు, సరకులో నుండును.

నిత్యసంస్కారము సర్వరోగనివారిణి యని మేము చెప్పము. కరెంటు కోతను ఇది మాన్పలేదు. పెద్ద కంపెనీలు సరకు తీసికొని నెలలకొలది బాకీ తీర్పకున్నచో దాని నిది వసూలు చేయలేదు. 2006 నాటి చట్టము సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 45 దినములలోపల సొమ్ము చెల్లింపవలెనని శాసించుచున్నది. ఆ హక్కుకై యజమానులు సంఘముగా పోరాడవలసినదే. కాని బయటి యన్యాయమును చూపి లోపలి యలసతను కాపాడుకొనుట తగదు. మన చేతిలో లేనిదానికై కొట్లాడుచు, మన చేతిలో నున్నదానిని దిద్దుకొనుట వివేకము.

ప్రభుత్వ సహాయము

ప్రభుత్వ మూరకున్నదని చెప్పుట న్యాయము కాదు. ఉత్పాదకశక్తిని పెంచుటకై జాతీయమండలి 1958లోనే యేర్పడినది. 2022 ఏప్రిలులో నాణ్యమును, పర్యావరణమును కలిపి చూచు 'జెడ్' ధ్రువపత్రపు పథకమును కేంద్రప్రభుత్వము పునరుద్ధరించి, కంచు, వెండి, బంగారు అను మూడు మెట్లను పెట్టి, ఖర్చులో సూక్ష్మపరిశ్రమలకు నూటికి 80, చిన్నవానికి 60, మధ్యమములకు 50 వంతుల సహాయమును ప్రకటించినది. 2023 మార్చిలో 'లీన్' పథకమును ఆరంభించి, నిపుణులు వచ్చి దగ్గరనుండి నేర్పుటకగు ఖర్చులో నూటికి 90 వంతులు తానే భరింతునన్నది. ఇట్టి సహాయముల వివరములను తెలిసికొని యుపయోగించుకొనుట యజమానుల విధి. కాని ధ్రువపత్రమునకు పటముకట్టి, దానిక్రింద మునుపటి దుమ్మునే యుంచు ప్రమాదము కలదు. తనిఖీదినమున తుడిచి మఱునాడు మఱచు కార్ఖానా అత్తగారు వచ్చిననాడు మాత్రమే యిల్లూడ్చు కోడలివంటిది. ప్రభుత్వపు సొమ్ము గురువును తెచ్చిపెట్టగలదు, శిష్యుని తెచ్చిపెట్టజాలదు.

ఆరంభశూరత్వము

ఇంక అసలు చిక్కు మిగిలియున్నది. మొదలుపెట్టుట కష్టము కాదు, నిలుపుట కష్టము. మొన్న చెప్పిన శాస్త్రజ్ఞులే ఎనిమిది తొమ్మిదేండ్ల పిదప ఆ మిల్లులకు మఱల పోయి చూచి 2020లో ఫలితములను ప్రకటించిరి. నేర్చి యమలుపఱచిన పద్ధతులలో నించుమించు సగము విడువబడినవి. మేనేజరులు మారినచోట్ల విడువబడినవి. యజమానులకు తీరిక లేకపోయినచోట్ల విడువబడినవి. చుట్టుప్రక్కల మిల్లులలో వాడుకలేని పద్ధతులు త్వరగా విడువబడినవి. అయినను మిగిలిన సగమే నేర్వని మిల్లులకంటె వారిని ముందుంచినది. ఒకే కుటుంబపు ఇతర మిల్లులకు కొన్ని పద్ధతులు ప్రాకినవి కూడ. ఈ ఫలితములో నిరాశయు, ఆశయు సమముగా నున్నవి.

ఆంధ్రుల కారంభశూరత్వము సహజమని లోకము చిరకాలముగా నపవాదు వేయుచున్నది. తారాపురపు కథ చూడగా నది యొక్క ఆంధ్రులకే చెందినది కాదని తేలినది. అంతమాత్రమున మనకది భూషణమును కాదు. ఆ యపవాదునకు పై ఫలితములలోనే ప్రతిక్రియలు మూడు కనబడుచున్నవి. మొదటిది: పద్ధతి యొక్క మనిషి తలలో నుండరాదు, వ్రాతలో నుండవలెను, అపుడు మేనేజరు పోయినను పద్ధతి పోదు. రెండవది: యజమాని తన దినములో పదినిమిషములను దేవతార్చన కేటాయించినట్లు దీనికి కేటాయింపవలెను, పెండ్లియని, కోర్టుపనియని, ఎన్నికలని దానిని మానరాదు. మూడవది: ఒంటరిగా చేయరాదు. ఒక యూరిలోని పది మిల్లులవారు నెలకొకసారి ఒకరి మిల్లున కూడి, ఆ మిల్లువాడు చేసిన మార్పులను చూచి, మంచిని కొనిపోయి, చెడ్డను చెప్పివచ్చినచో, సిగ్గుచేతనైనను పద్ధతి నిలుచును. పోటీదారులు రహస్యములను కాజేయుదురని భయపడువారికి మా సమాధానమిది: నూక తగ్గించు రహస్యము పొరుగువాడు తెలిసికొన్నందున మీ బియ్యము చెడదు, మన సీమ బియ్యమునకే పేరు వచ్చును. మిల్లరుల సంఘములు ధరలను గూర్చి తీర్మానములు చేయుటకు కూడుచునే యున్నవి. అదే వేదికపై నొక గంట లోపములను గూర్చి మాటలాడిన తప్పేమి?

భూస్వాములైన పాఠకులకు ఒక్క మాట. మిల్లున నూక తగ్గినచో ధాన్యమునకు మంచి ధర యిచ్చు శక్తి మిల్లువానికి కలుగును. ఆ ధరను అడిగి తీసికొనుట మీ పని. తేమను కొలిచి, వేళకు కోసి, వేళకు పంపు రైతునకును, వేళకు దించుకొను మిల్లునకును సంబంధమున్నది. మిల్లువాకిటనే యాగక యీ సంస్కారము మీ కళ్లమునకును రావలసినదే. మీలో ననేకులకు మిల్లులలో వాటాలున్నవి; సంవత్సరాంతమున లాభమెంతయని మాత్రమే యడుగక, ఈ యేడు ఎన్ని లోపములు దిద్దితిరి, ఎవరు చెప్పగా దిద్దితిరి యని యడుగుడు. అడుగువాడున్నచోట చేయువాడుండును.

జాతీయోద్యమము మనకు నేర్పిన పాఠములలో నూలువడకుట యొకటి. దినమున కింతయని నియమము పెట్టుకొని, వడికిన నూలును కొలిచి, లెక్క పంపుచుండుట నాటి కార్యకర్తల యాచారము. ఆ నూలు గజములకొలదిగా చూచినచో స్వల్పము. కాని నియమము, కొలత, లెక్క, నిత్యత్వము - ఈ నాలుగింటిని అది మనకు నేర్పినది. ఆ నాలుగే యీ నిత్యసంస్కారమునకును పునాదులు. మన మిల్లులకు, కొట్టములకు, కార్ఖానాలకు కావలసినది మహాయంత్రములు కావు. రేపటి యుదయమున పనిముట్ల నడుమ నిలిచి, 'నిన్న యేమి చెడినది?' యని పనివాని నడిగి, అతడు చెప్పినదానిని చెవియొగ్గి విని, వ్రాసికొను యజమాని కావలెను. అట్టివారు ఊరికి పదిమంది బయలుదేరినచో స్వదేశి సరకును ప్రాధేయపడి యమ్మవలసిన యవసరముండదు. దానిని జనులు వెదకికొని కొందురు.